వయసు మళ్ళిన ఫార్వర్డు: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలోంచి కొన్ని సంగతులు

యీ సంవత్సరం సంచికకు మేము వేరే వ్యాసం వ్రాయదలచినాము. ద్రోణాచలం జంక్షనని పాత టిక్కెట్ల మీద వుండిన మన డోన్ స్టేషను గురించి కొంత సమాచారం కూడా పోగుచేసినాము. అంతలో మన సంఘం ఆఫీసుకు ఒక తగాదా వచ్చింది. దానితో యీ వ్యాసం దారి మళ్ళింది. సభ్యులు మన్నించవలెను.

తగాదా యిది. సాయంత్రం అసర్ నమాజు తర్వాత మైదానంలో బంతి ఆడే మన పిల్లలు టోర్నమెంటుకు పోవాలని, జెర్సీలకు, బంతికి సంఘం నుంచి సహాయం కావాలని వచ్చినారు. సహాయం సంగతి అయిదు నిమిషాల్లో తేలిపోయింది. అటు తర్వాత వాళ్ళలో ఒకడు మెల్లగా అసలు సంగతి బయటపెట్టినాడు. జట్టులో ముందు వరసలో ఆడే చాచా ఒకాయన వున్నారు. పేరు యిక్కడ వ్రాయము, చదివేవారిలో చాలామందికి తెలిసినాయనే. నాపరాళ్ళ పాలిషింగు ఫ్యాక్టరీలో పని. యీ పిల్లల్లో సగంమందికి బంతి తన్నడం నేర్పింది ఆయనే. యిరవై ఏండ్లుగా వేరే జట్టు పిలిచినా పోలేదు. యిప్పుడు నలభైకి దగ్గర పడినారు. "చాచా బంతి దగ్గరికి పొయ్యే లోపల ఎదుటోళ్ళు మా గోలు కాడ వుంటారు సార్. ఆయన్ను తీసెయ్యమని మేం చెప్పలేము, మాకు మొకం చెల్లదు. మీరు చెప్పండి" అన్నాడు పిల్లవాడు.

మేము ఎవరమూ చెప్పలేదు. పెద్దలు రెండు పక్షాలైనారు. యిన్నేండ్లు కష్టపడినవాణ్ణి కాళ్ళు నిదానమైనాయని పక్కన పెడితే అది జట్టేనా అని ఒకరు. ఆటకు పోయేది గెలవడానికా, మర్యాదలు చేయడానికా అని మరొకరు. చరిత్రలో దీనికి నజీరు ఏమన్నా వున్నదా అని కార్యదర్శిగారు మావైపు చూసినారు. వున్నది. దూరం కూడా పోనక్కరలేదు, మన స్టేషనులో ఎక్కితే కర్నూలు మీదుగా తిన్నగా చేరే హైదరాబాదులోనే వున్నది.

హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. 1909లో పుట్టినారు. ఉస్మానియాలో చదివి, ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, బడిపంతులుగా పనిచేసినారు. అందుకే చివరిదాకా రహీం సాబ్ అంటే వుస్తాదే. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయినారు. ఆయన చేతిలో పెరిగిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేండ్లు ఎవరికీ యివ్వలేదు. ఆ రోజుల్లో మన కర్నూలు జిల్లా వేరే రాష్ట్రంలో వుండినది. 1953 అక్టోబరు 1 నుంచి మూడేండ్లు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, హైదరాబాదు మనకు పొరుగు రాజ్యం. 1956 నవంబరు 1న రెండూ కలిసినాయి. ఆటలో మాత్రం పేరు వెంటనే మారలేదు. సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాదు పేరు మీదే గెలిచినారు. 1965-66లో గెలిచింది ఆంధ్రప్రదేశ్ పేరు మీద. ఆ జట్టులో యింకా మీసాలు సరిగా రాని ఒక కుర్రవాడు వుండినాడు, ఆయన సంగతి తర్వాత చెబుతాము.

ముందుగా పోలీసు జట్టు పద్ధతి చూడవలెను. మన తగాదాకు అసలు మందు అక్కడే వున్నదని మా అభిప్రాయం. అది క్లబ్బు కాదు, ఒక సర్కారీ శాఖ జట్టు. ఆటగాణ్ణి తీసుకొంటే పోలీసు వుద్యోగంలో తీసుకొనేవారు. నెల జీతం వుంటుంది, ప్రమోషను వుంటుంది, కాళ్ళు అలసిన రోజున ఆట పోతుంది గాని రొట్టె పోదు. అంటే మనిషిని వుంచుకోవడం, పదకొండుమందిలో చోటివ్వడం, యీ రెండూ వేరువేరు సంగతులు. మనం మాటల్లో రెండూ కలిపేసి తగాదా పడుతున్నాము. పోలీసు జట్టులో అవి మొదటినుంచీ విడిగా వున్నాయి. అందువల్లనే రహీం సాబ్‌కు జట్టు మార్చడంలో చెయ్యి వణకలేదనుకొంటాము. యీ రోజు ఫలానావాణ్ణి పక్కన పెడితే వాని పిల్లలు పస్తుంటారనే భయం ఆయనకు లేదు.

యింకొక కారణం కూడా చెప్పాలె. ఆ కాలంలో ఆట మధ్యలో మనిషిని మార్చడమనేది లేదు. పదకొండుమంది దిగితే దిగినట్లే. కాలు బెణికినా కుంటుకొంటూ వుండవలసిందే. ప్రపంచ కప్పులోనే బదిలీ ఆటగాణ్ణి దింపడం 1970లో మొదలైంది. యిప్పుడైతే అయిదుగురిని మార్చవచ్చు. కాబట్టి రహీం సాబ్ ముందు వుండిన ప్రశ్న మన పిల్లల ప్రశ్న కంటే కఠినం. వయసు మళ్ళినవాణ్ణి దింపితే మొదటి ఈల నుంచి చివరి ఈల దాకా మోయాల్సిందే.

ఆయన దానికి కనిపెట్టిన వుపాయాలు చూడండి. డ్రిబ్లింగు చెయ్యకూడదనే నిబంధనతో పోటీలు పెట్టించినారు. బలంలేని కాలితోనే తన్నాలని మరొక తరహా పోటీ. బంతిని దగ్గర పెట్టుకోక వెంటనే అందించాలంటే ఏమౌతుంది? మనిషి పరిగెత్తేది తగ్గి బంతి పరిగెత్తేది ఎక్కువౌతుంది. పిల్లలకోసం పెట్టిన పోటీలే అయినా, యిట్లా నేర్చినవాడు ముప్ఫై దాటినాక కూడా పనికొస్తాడు. వొట్టి వేగంతో ఆడినవానికి వేగం పోతే మిగిలేది ఏమీ లేదు. మన చాచా పిల్లలకు నేర్పినప్పుడు యిది నేర్పినాడా లేదా అని మేము అడిగినాము. పిల్లలు ఒకరి మొకం ఒకరు చూసుకొన్నారు.

ఎవరు ఎక్కడ ఆడాలె అనేదాంట్లో కూడా రహీం సాబ్ రాతి మీద గీత గీసి కూర్చోలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు మొదట దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. మళ్ళీ ఫైనల్లో అదే కొరియా. వెనక వరసలో కోటగోడ లాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడి వున్నాడు. రహీం సాబ్ ఆయన్ను యింటికి పంపలేదు, వెనక వరసలోనూ వుంచలేదు, సెంటర్ ఫార్వర్డుగా ముందుకు తోసినారు. సెప్టెంబరు 4న జరిగిన ఆ ఆటలో ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టినారు. 2-1తో బంగారు పతకం. ఆ జట్టులో మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం కూడా వున్నారు. ఆయన కథ యింకొక రకం. వయసు మళ్ళనే లేదు, వూపిరితిత్తుల జబ్బు ముప్ఫై నిండకముందే ఆట మాన్పించింది. రహీం సాబ్ కూడా ఆ పతకం నాటికే జబ్బుతో వున్నారు. 1963 జూన్ 11న పోయినారు.

యిక ఆ కుర్రవాని సంగతి. పేరు ముహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాదులో పుట్టినారు. అన్నదమ్ములు కూడా ఆటగాళ్ళే. 1965-66 సంతోష్ ట్రోఫీలో బెంగాలును ఓడించిన ఆంధ్రప్రదేశ్ జట్టులో ఆడగానే కలకత్తా వాళ్ళ కన్ను పడింది. 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరినారు. 1969 సంతోష్ ట్రోఫీలో బెంగాలు తరఫున ఆడి 11 గోళ్ళు కొట్టినారు. తాను ఓడించిన రాష్ట్రానికే ట్రోఫీ తెచ్చిపెట్టినారన్నమాట. 1970 బ్యాంకాకు ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో హబీబ్ వున్నారు, కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా మన హైదరాబాదు వారే. కలకత్తా జనం హబీబ్‌ను బడే మియా అన్నారు, తమ్ముడు అక్బర్‌ను ఛోటే మియా అన్నారు. 1976లో మోహన్ బగాన్ తరఫున ఛోటే మియా ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17వ సెకనులో గోలు కొట్టినారు. యిది అసలు విషయానికి సంబంధం లేదు గాని చెప్పకుండా పోలేకపోయినాము.

కలకత్తా పద్ధతి పోలీసు జట్టు పద్ధతికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ప్రతి యేడూ లీగుకు ముందు బదిలీల కాలం వచ్చేది. ఆటగాళ్ళు ఐ.ఎఫ్.ఎ. ఆఫీసులో సంతకం చేయాలె. యీ క్లబ్బు వాళ్ళ ఆటగాణ్ణి ఆ క్లబ్బు వాళ్ళు ఎత్తుకుపోతారని సంతకం రోజు దాకా దాచిపెట్టుకొనేవారు. పేరుకు అమెచ్యూరు ఆట. చాలామంది బ్యాంకులోనో రైల్వేలోనో కస్టమ్సులోనో వుద్యోగం చూసుకొని, జీతం అక్కడ, ఆట యిక్కడ అన్నట్లు వుండేవారు. హబీబ్ అట్లా కాదు. వుద్యోగం ఊతకర్ర లేకుండా ఆటనే వృత్తిగా పెట్టుకొన్న మొదటివారిలో ఒకరని ఆయన్ను గురించి చెబుతారు. అంటే కాళ్ళు నిదానమైన రోజున ఆయన చేతిలో ఏమీ వుండదు. క్లబ్బు వుంచుకొంటే వుంది, లేకుంటే లేదు.

మరి యింతటి ఆటగాణ్ణి ఏ క్లబ్బన్నా వుంచుకొన్నదా? 1970 నుంచి 1974 దాకా ఈస్ట్ బెంగాల్. ఆ క్లబ్బు వరుసగా ఆరేండ్లు లీగు గెలిచిన కాలంలో మొదటి అయిదేండ్లు అవి. 1975లో ముహమ్మడన్ స్పోర్టింగ్. 1976 నుంచి మూడేండ్లు మోహన్ బగాన్. 1980లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్. లెక్క చూస్తే నమ్మకమైన ఆటగాడని అనలేము గదా అని మా మిత్రులొకరు అన్నారు. మేము వొప్పుకోము. ముహమ్మడన్ స్పోర్టింగుకు ఆడే రోజున ముహమ్మడన్ కోసం, బగాన్‌కు ఆడే రోజున బగాన్ కోసం ఒళ్ళు దాచుకోకుండా ఆడిన మనిషి. మూడు క్లబ్బుల అభిమానులూ ఆయన్ను తమవాడనే చెప్పుకొన్నారు. కలకత్తాలో ఇది మామూలు సంగతి కాదు. యిక్కడ నమ్మకం అంటే ఒకే గూట్లో కూర్చోవడమా, వేసుకొన్న జెర్సీకి అన్యాయం చెయ్యకపోవడమా అనేది పాఠకులే తేల్చుకోవలెను. ఒక క్లబ్బు తన సరుకును సంవత్సరానికోసారి సంతలో పెడుతూ ఆటగాణ్ణి మాత్రం జీవితాంతం కట్టుబడి వుండమనడం మాకు వింతగా తోస్తుంది.

ముహమ్మడన్ స్పోర్టింగు గురించి మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. 1934లో కలకత్తా లీగు గెలిచిన మొదటి భారతీయ క్లబ్బు అది, అప్పటినుంచి 1938 దాకా వరుసగా అయిదేండ్లు గెలిచింది. ఆ జట్టు తన వూరివాళ్ళే వుండాలని కూర్చోలేదు, దేశమంతా వెదికి తెచ్చుకొన్నది. బయటినుంచి తెచ్చుకొనేవారికి ఒక తిప్ప వుంది. మనిషి తన వూళ్ళో లేడు, ఆట అయిపోతే ఎక్కడికి పోవాలె? యిది ఎవరూ ముందుగా అడగరు.

1977 సెప్టెంబరు 24 నాటి ఆట యిక్కడ చెప్పుకోవలెను. ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్, అమెరికా నుంచి వచ్చిన న్యూయార్క్ కాస్మాస్. కాస్మాస్ జట్టులో పెలే. కలకత్తా అంతా పెలేను చూడ్డానికి పోయింది. అప్పుడు పెలేకు 36 ఏండ్లు, యింకొక నెలలో 37. 1956 నుంచి 1974 దాకా శాంటోస్ అనే ఒకే క్లబ్బుకు ఆడి, 1975లో అమెరికా పోయినారు. కలకత్తా ఆట అయిన వారం రోజులకే, అక్టోబరు 1న, ఆఖరు ఆట ఆడి బూట్లు విప్పినారు. కాబట్టి ఆనాడు ఈడెన్ గార్డెన్సులో జనం చూసింది ప్రపంచంలోకెల్లా పెద్ద వయసు మళ్ళిన ఫార్వర్డును. బురద నేల మీద ఆయన మునుపటిలా ఆడలేదు, జనానికి దాని మీద కోపమూ రాలేదు. ఆట 2-2తో ముగిసింది. బగాన్ తరఫున శ్యాం థాపా ఒకటి, రెండోది మన హబీబ్. అప్పటికి హబీబ్‌కు 28. పెలేను చూడ్డానికి పోయినవాళ్ళు హబీబ్‌ను చూసి వచ్చినారని మాకు గర్వం.

అసలు పరీక్ష 1980లో వచ్చింది. ఆ యేడు ఈస్ట్ బెంగాల్ నుంచి పేరున్న ఆటగాళ్ళు గుంపుగా ముహమ్మడన్ స్పోర్టింగుకు పోయినారు. క్లబ్బు యిల్లు ఖాళీ అయినట్లయింది. కోచ్ ప్రదీప్ కుమార్ బెనర్జీ. ఆయన చేతికి వచ్చింది కొత్త కుర్రవాళ్ళు, అలీగఢ్ విశ్వవిద్యాలయంలో చదువుతుండిన ఇరాను యువకులు మజీద్ బిష్కర్, జంషీద్ నసీరీ మొదలైనవారు. వాళ్ళ నడుమ 31 ఏండ్ల హబీబ్. మామూలుగా చూస్తే దిగిపోయే వయసు. కాని హబీబ్ మొదటినుంచీ గోలు ముందర నిలబడి బంతికోసం ఎదురుచూసే తరహా ఫార్వర్డు కాదు. వెనక్కి దిగి, ఎదుటివాని కాళ్ళ దగ్గరినుంచి బంతి తీసుకొని, ముందున్నవానికి అందించే తరహా. వేగం తగ్గినా ఆ పని తగ్గలేదు. పైగా ఆయన క్రమశిక్షణ కుర్రవాళ్ళకు ఎదురుగా కనబడే పాఠం. చిలిపి తిరుగుళ్ళు లేవు, ఆట తప్ప ధ్యాస లేదు. ఆ యేడు ఫెడరేషన్ కప్పు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ సమానంగా నిలిచి కప్పును పంచుకొన్నాయి. సగం ఖాళీ అయిన యింటికి అది తక్కువేమీ కాదు. అదే యేడు అర్జున అవార్డు కూడా వచ్చింది. అటు తర్వాత మోహన్ బగాన్‌కు పోయి 1984 దాకా ఆడినారు. ఒక క్లబ్బు యిక చాలు అనుకొన్నప్పుడల్లా ఎదుటి క్లబ్బు యింకా వుంది అని పిలుచుకొన్నది. ఆ తర్వాత జంషెడ్‌పూరులో 1987లో వెలసిన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పినారు.

అవతలి పక్షం వాదన కూడా తేలికగా తీసెయ్యరాదు. అది మన కళ్ళముందే జరిగింది. సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులోనే, 1984లో. 2013 నుంచి బెంగళూరు ఎఫ్.సి. మనిషి. 2024 జూన్ 6న కలకత్తాలో కువైట్ మీద ఆడి భారత జట్టుకు సలాం చెప్పినారు. తొమ్మిది నెలలకు, 2025 మార్చిలో, 40 ఏండ్ల వయసులో మళ్ళీ పిలిచినారు. మాల్దీవుల మీద గోలు కొట్టినారు, బాగుంది. వారం తిరక్కముందే బంగ్లాదేశ్ మీద గోలు లేకుండా ఆట ముగిసింది. ఆ అక్టోబరులో సింగపూరు చేతిలో ఓడి 2027 ఆసియా కప్పుకు మన జట్టు పోలేకపోయింది. తప్పు ఛెత్రిది అనము. యిన్నేండ్లు క్లబ్బులన్నీ గోలు కొట్టే చోటును విదేశీ ఆటగాళ్ళకే యిచ్చి, దేశానికి రెండో మనిషిని తయారు చేయలేదు. పాతవాణ్ణి గౌరవంతో వుంచుకోవడం వేరు, కొత్తవాడు లేక పాతవాణ్ణి మళ్ళీ పిలవడం వేరు. మన పిల్లల జట్టుకు వున్న ప్రమాదం యీ రెండోదే. చాచా తప్పుకొంటే ఆ చోట ఆడే కుర్రవాడు ఎవరని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పినారు.

అదే ఛెత్రిని బెంగళూరు క్లబ్బు ఎట్లా వాడుకొన్నదో చూడండి. 2024-25లో లీగులో 14 గోళ్ళు. సెమీఫైనల్ రెండో ఆటలో గోవా జట్టు 2-0తో లెక్క సరిచేసి కూర్చుంది. బెంగళూరు వాళ్ళు ఛెత్రిని మొదట దింపనే లేదు. ఆఖరులో దింపినారు. నిండు 90 నిమిషాలు దాటినాక తలతో ఒక గోలు కొట్టి జట్టును ఫైనలుకు చేర్చినారు. హైదరాబాదు ఎఫ్.సి. సంగతి యింకా విచిత్రం. 2021-22లో 37 ఏండ్ల నైజీరియా ఫార్వర్డు బార్తొలొమ్యూ ఓగ్బెచేతో ఆ సీజనులో 18 గోళ్ళు కొట్టించుకొని లీగు విజేత అయింది. మూడేండ్లు గడిచేసరికి డబ్బు చిక్కుల్లో పడి ఆ క్లబ్బే హైదరాబాదు వదలి ఢిల్లీకి తరలి పేరు మార్చుకొంది. వయసు మళ్ళినవాణ్ణి క్లబ్బు వుంచుకొంటుందా అని మనం తర్కిస్తుంటే, క్లబ్బే వుంటుందో లేదో తెలియని కాలం.

హబీబ్ సాహెబ్ చివరి యేండ్లు జబ్బుతో గడిచినాయి. చేతులు వణికే పార్కిన్సన్ జబ్బు, దానికి తోడు మతిమరపు. 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూసినారు. ఆయన తరం ఆటగాళ్ళలో శాఖల జట్లకు ఆడినవారికి పింఛను వుండినది. క్లబ్బులకు ఆడినవారికి సన్మాన సభలు, శాలువలు వుండినవి. మేము శాలువలను తక్కువ చేయము గాని మందుల షాపులో శాలువ చెల్లదు.

పై సంగతులన్నీ పిల్లలకు చెప్పినాము, వాళ్ళు చాలాసేపు ఓపికగా విన్నారు పాపం. తర్వాత చాచానే పిలిపించినాము. ఆయన ఫ్యాక్టరీ నుంచి ఆ రాతిపొడి దులుపుకోకుండానే వచ్చినారు. సంగతి చెప్పకముందే ఆయనకు అర్థమైంది. "మొదటి అర్ధం పిల్లోళ్ళు ఆడనీ భాయ్, రెండో అర్ధంలో చూద్దాం. గోలు కాడ మాత్రం నిలబడను, వెనకాల ఆడతా" అన్నారు. ఆయనకు హబీబ్ సంగతి మేము చెప్పలేదు. ముందు వరస చోటుకు ముగ్గురు కుర్రవాళ్ళను ఆయనే చూస్తానన్నారు. రోజూ అసర్ తర్వాత గంట. ఆయనకు సంఘం తరఫున ఏమన్నా యివ్వాలని ఒక సభ్యులు ప్రతిపాదించినారు. నేర్పినందుకు నెలకు కొంత యిద్దామని తీర్మానం అయింది. ఆయన వొద్దన్నారు. కార్యదర్శిగారు వినలేదు. టోర్నమెంటు ఫిబ్రవరిలో వున్నది. జెర్సీలకు, బంతులకు, చాచాకు యిచ్చిన సొమ్ము యీ సంచిక చివర జమాఖర్చుల పేజీలో విడివిడిగా చూపబడింది.